ఒక్క మనిషి తక్కువ

ఆ పొద్దున ఆకాశం మబ్బుపట్టి, అటు కురవకుండా ఇటు తెరిపివ్వకుండా విసిగించింది. ఆడపిల్లలకూ పొలంలో వాటా ఇవ్వాలనే బిల్లును పెద్దాయన మళ్ళీ సభలో పెట్టాడు. ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడాలి. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. అవతలి వరుసలో సొంత తమ్ముడే కుర్చీకి అతుక్కుపోయాడు. ఒక్క మనిషి తక్కువై బిల్లు వీగిపోయింది.

వరండాలో తమ్ముడు వెనకాలే వచ్చాడు. "కోపమా అన్నయ్యా?"

"కోపానికీ ఓపిక కావాలిరా."

"అక్క ఎప్పుడైనా పొలం అడిగిందా? నువ్వే తలకెత్తుకున్నావు."

"మొగుడు పోయి మన పంచన చేరింది. పొలం పనంతా తనే చూస్తోంది. అడిగితే ఈ నీడ కూడా పోతుందని దానికి భయం. వచ్చే సమావేశాల్లో మళ్ళీ పెడతా."

"అప్పటిదాకా నీ మోకాళ్ళు ఉండొద్దూ?"

"లేకపోతే నువ్వే లేపుదువుగానిలే."

అన్నదమ్ములు ఇంటికెళ్ళేసరికి నడిమిదైన చెల్లెలు పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించింది. మూడు కంచాలు పెట్టి, తమ్ముడికి వడ్డిస్తూ మెల్లగా అంది.

"నా వాటా నాకు కావాలిరా."

తమ్ముడు కంచంలోకి చూస్తూ అన్నం కలిపాడు. పెద్దాయన కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆమె కూడా కూర్చుంది. ముగ్గురూ కలిసి తిన్నారు.