మేరమ్మ పదకొండేళ్లు

పోర్ట్ బ్లెయిర్‌లోని మిన్నీ బే గుట్ట మీద మధ్యాహ్నం గంజి వార్చే వేళకి ప్రేమయ్య ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. అతని కూతురు సుందరి బొమ్మలేసే పిల్ల. ప్రేమయ్య ఓడలకి రంగులేసే పనివాడు. డబ్బాల అడుగున మిగిలిన రంగులు కూతురికి తెచ్చిచ్చేవాడు. జానెడు చెక్క మీద సుందరి ఎవరి చిన్ననాటి రోజు వేస్తే ఆ రోజు వాళ్లలోంచి దిగి చెక్క మీదికి వెళ్లిపోయేది. వాళ్లకిక గుర్తుండేది కాదు. ముల్లు తీయించుకున్నట్టు, లోపల సలిపే రోజునొకదాన్ని తీయించుకుని పోయేవారు.

"మా అయ్య నన్ను తాటిమట్టతో బాదిన రోజు తీసెయ్ బేటీ" అంటూ బ్రూక్షాబాద్ నుంచి గవరయ్య వచ్చాడు. బొమ్మ అయ్యాక చూసి, "ఎవరి బిడ్డో పాపం, గొడ్డుని బాదినట్టు బాదీసేరు!" అని జాలిపడి, దాన్ని చంకన పెట్టుకుపోయాడు. చౌల్దారీ ఊరి బుల్లమ్మ చెక్క మాత్రం ఓసారి కిరసనాయిలు ఒలికి చెరిగిపోయింది. దాని మీది రోజు మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చేసింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక పోర్ట్ బ్లెయిర్‌లో చిత్రాల పోటీ పెట్టారు. గీయవలసింది బాల్యం. గెలిచినవాళ్లకి కలకత్తా బొమ్మల కాలేజీలో సీటు. సుందరికి పంతొమ్మిదేళ్లు. జెట్టీలో ఓడ కూస్తే ఎవరో తనని పేరుపెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడేది.

"జానెడు ముక్క ఎవరు చూస్తారే? పెద్దది వెయ్యి. నా చిన్నతనమంతా వేసేసుకో" అంది తల్లి మేరమ్మ.

"అంతానా? నీకొక్క రోజూ మిగలదు."

"మిగిలి ఏటి సెయ్యాల? అంబలి, ఆకలి, తమ్ముణ్ని సంకనేసుకుని ఎండుచేపల మీద కాకుల్ని తోలడం! పదకొండేళ్లకి భీమిలి వదిలి ఇటు ఓడెక్కీసేను. ఆ ముందరిదంతా నీదే. నువ్వు కలకత్తా ఓడెక్కితే నాకదే పండగ."

ఆరడుగుల ప్లైవుడ్ మీద సుందరి మూడు రోజులు వేసింది. భీమిలి ఇసుక, తాటాకు పాక, కాకులు, మధ్యలో తల రేగిన పిల్ల. ఆఖరున ఆ పిల్ల నోరు తెరిచి ఎవరినో కేకేస్తున్నట్టు వేసి కుంచె దించింది.

తెల్లారి మేరమ్మ గ్లాసు అందిస్తూ, "చాయ్ పియేగీ?" అంది.

"ఏటే, పొద్దున్నే హిందీలో దిగేవు? ఆఫీసరువైపోనావా?" అని ప్రేమయ్య నవ్వాడు.

మేరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "క్యా బోలా?"

సుందరి గ్లాసు కింద పెట్టేసింది. ఓడ దిగాక నేర్చిన హిందీ అమ్మకి ఉండిపోయింది. దిగకముందు నేర్చిన తెలుగు చెక్కెక్కేసింది. కిరసనాయిలు గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే చాలు. గుడ్డ తీసింది కూడా. ఈలోగా పోటీకి బొమ్మలు పట్టుకెళ్లే లారీ వాకిట్లో హారన్ కొట్టింది.

'రెండ్రోజులే కదా, గెలిచాక తుడిచేద్దాం' అనుకుంది. గుడ్డని వెనక్కి దాచి, ప్లైవుడ్‌ని లారీ ఎక్కించింది.

గెలిచింది. "ఆ పిల్ల ఇప్పుడే మాట్లాడేలా ఉంది!" అన్నారు చూసినవాళ్లంతా. సుందరి సీటు కాగితం పట్టుకుని, రెండో చేత్తో కిరసనాయిలు సీసా పట్టుకుని వెళ్లేసరికి బొమ్మ పెట్టిన గోడ ఖాళీగా ఉంది. ఎవరో విదేశీ దొర ముచ్చటపడితే పోటీవాళ్లు ఇచ్చేశారట. పొద్దుటి ఓడకే పట్టుకుపోయాడట. ఏ దేశమో రాసుకున్నవాళ్లు లేరు.

ఆదివారం తెలుగు చర్చిలో ఎప్పుడూ కీర్తన ఎత్తుకునేది మేరమ్మే. పుస్తకం చదవలేని కుర్రాళ్లంతా ఆమె నోరు చూసి పాడేవాళ్లు. ఆవేళ వాళ్లు చూశారు. ఆమె వాళ్లని చూసింది.

కలకత్తా ఓడ వెళ్లిపోయింది. అందులో సుందరి లేదు. అరుగు మీద తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అమ్మ" అని పలికించింది.

"అమ్మ" అంది మేరమ్మ, బడిపిల్లలా బుద్ధిగా. "ఇస్కా మతలబ్?"

అర్థం చెప్పడానికి సుందరికి హిందీయే దిక్కయింది. "మా" అంది.

మేరమ్మ "అచ్ఛా, అచ్ఛా" అని సంతోషంగా తలూపింది. సాయంత్రానికి మర్చిపోయింది. ఆ వయసులో పరాయి భాష నాలిక్కి పట్టుబడదు కదా.