బావి ఎవరు తవ్వారు?

మా చెల్లెలంటే నాకు కుళ్ళు. దాచుకోవడమెందుకు? అది బళ్ళో టీచరు, నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని. మా తాతకి తాత ఒంటిచేత్తో ఊరికి బావి తవ్వాడని ఇంటిల్లిపాదీ గొప్పగా చెప్పుకుంటాం. ఆయన మీద అదిప్పుడు పుస్తకం రాస్తోంది. ఇంక చూస్కోండి, చుట్టాలంతా దాన్ని మునగచెట్టు ఎక్కించేవాళ్ళే. "చెల్లెల్ని చూసి నేర్చుకోవే" అంటుంది మా పిన్ని. దాని ముక్కు తుడిచి బడికి పంపిందే నేను!

ఒళ్ళు మండిపోయింది. కొట్టుకి తాళం వేసి పాత దస్త్రాల ఆఫీసుకి పోయాను. దానికి దొరకనిది ఒక్కటి నాకు దొరకాలి, ఆ పుస్తకంలో నా పేరు పడాలి, అంతే. నాలుగు రోజులు ఆ దుమ్ములో తుమ్ముతూనే ఉన్నాను. "ఏం వెతుకుతున్నావమ్మా?" అని గుమాస్తా అడిగితే, "మా చెల్లెలి పొగరుకి మందు" అన్నాను.

ఐదో రోజు దొరికింది. 1868లో ఆ బావి తాత పెట్టుకున్న అర్జీ. "బావి తవ్వింది నేనొక్కణ్ణే. రిజిస్టర్లో మా అన్న పేరు రాశారు. అది కొట్టేసి నా పేరు రాయించాలి."

ఓరి నీ దుంపతెగ! తాతకో అన్న ఉన్నాడని మాలో ఎవరికీ తెలియదు. ఆ వెనకే విచారణ కాగితాలున్నాయి. తవ్వింది అన్నేనని, తమ్ముడు మట్టి మోశాడని ఊళ్ళో పదిమందీ చెప్పారు. చివర్లో ఆ అన్న చెప్పిన మాట: "మావాడే తవ్వాడండీ. నాకా, పిల్లాజెల్లా లేరు. వాడి పేరే రాసుకోండి." కింద సంతకం బదులు ఒక వంకర గీత.

తెచ్చి చెల్లెలి ముందు పడేశాను, దాని మొహం మాడుతుందని. అది చదివి కళ్ళు తుడుచుకుంది.

"ఎంత మంచివాడే అక్కా ఆ పెద్దాయన! తమ్ముడు ఓర్వలేకపోతే పేరే వదిలేసుకున్నాడు. పుస్తకమంతా మళ్ళీ రాస్తాను, ఆయన మీదే."

నేనూ పెద్దదాన్నే కదా. 'నా పేరు వద్దులేవే' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఏం చెయ్యను, ఆ పెద్దాయనకి సంతానం లేదాయె. మేమంతా ఆ అర్జీ పెట్టినాయన పిల్లలం.

"ఇది కనిపెట్టింది మా అక్కేనని మొదటి పేజీలో వెయ్యి" అన్నాను.