వాగులో పైపుల మైసమ్మ

నాగల్‌గిద్ద దగ్గరి ఎర్రరాయి క్వారీ మూతపడింది. మూసేటప్పుడు గుంతలు పూడ్చాలి, వాగులో వదిలేసినవన్నీ తీసేయాలి. లారీలు దాటడానికి అప్పట్లో వేసిన సిమెంటు పైపుల్ని పెకిలించడానికి షాదాబ్ జేసీబీ తెస్తున్నాడని మేకలు కాసే కిష్టవ్వ చెవిన పడింది. వాగవతలి బీడే ఆమె మేకలకు దిక్కు. అవి ముళ్లకంచెనైనా దూకుతాయి గానీ నీళ్లలో కాలు పెట్టవు.

పొద్దున్నే వెళ్లి పైపుల మీద ఒక రాయి నిలబెట్టింది. పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండలు గుచ్చింది.

షాదాబ్ వచ్చి బండి ఆపాడు. "ఏందవ్వా గిది?"

"మైసమ్మ. కలలకొచ్చి ఈడ్నే ఉంటనన్నది."

"నిన్న గీ పైపు మీదనే కూసొని రొట్టె తిన్న. ఏం కనవడలే?"

"నీ కండ్లన్నీ రొట్టె మీదనే ఉండె."

"నేనైతే ముట్ట. మా అమ్మకు తెలిస్తే నాకు బువ్వ వెట్టది," అని షాదాబ్ ఇంజను ఆపేశాడు.

కిష్టవ్వకు గంతులేయాలనిపించింది. ఇంతలో ఊరి పెద్ద మాణిక్యప్ప చెప్పులు విడిచి దండం పెట్టాడు. వెనకే సగం ఊరు దిగింది.

"కొత్తగ వెలిసిన తల్లి. యాటను కొయ్యకుంటే ఊకుంటదా?" అన్నాడు మాణిక్యప్ప.

కిష్టవ్వ నల్ల మేకపోతు అప్పటికే అమ్మవారి వేపమండలు నములుతోంది.

"సూడుండ్రి, అదే వచ్చి నిలవడ్డది!" అని మాణిక్యప్ప దాన్ని చూపించాడు.

నీళ్లు చల్లినప్పుడు యాట వణికితే అమ్మవారు ఒప్పుకున్నట్టు లెక్క. మాణిక్యప్ప చెంబెత్తి చల్లాడు. మేకపోతు కొమ్ముల నుంచి తోక దాకా గడగడలాడింది.

"ఒప్పుకున్నది!" అని జనం అరిచారు.

"దానికి నీళ్లంటేనే భయమన్నా!" అంటూ కిష్టవ్వ పైపులెక్కి, కొంగుతో పసుపంతా తుడిచి, రాయిని వాగులోకి దొర్లించింది. "మైసమ్మ పోయింది. ఇప్పుడే పోయింది."

"ఎటు పోయిందే?"

"కంగ్టి దిక్కు. షాదాబూ, ఇగ జల్దీ తియ్యి బిడ్డా!"

పైపులు లేచాయి. వాటి వెనక ఆగిన నీళ్లు ఎర్రగా బుసకొడుతూ పోయాక, చివరికి వాగు మోకాలి లోతున నిలిచింది. మేకలు ఒడ్డు దగ్గరే ఆగిపోయాయి. బతిమాలినా కదలవు, తిట్టినా కదలవు.

కిష్టవ్వ కచ్చ బిగించి, మేకపోతును భుజాల మీద వేసుకొని నీళ్లలోకి దిగింది. అది రాజులాగా చుట్టూ చూస్తూ కూర్చుంది. మిగతావన్నీ ఒడ్డున నిలబడి, తమ వంతు ఎప్పుడని అరవసాగాయి.