బావిలో తొమ్మిది మునకలు

మంచినీళ్లు తోడే చేంతాడు దానికి కట్టొద్దని రత్నకుమారి, ఇవ్వాళ ఒక్కనాటికి బావి ఏం మైలపడదని దుర్గమ్మ, అత్తాకోడళ్లిద్దరూ పొద్దుటి నుంచి వాదించుకుంటూనే ఉన్నారు. చిన్నకోడలు కమలకుమారి ఉప్పల్‌లో మందులు కొనుక్కుని, నాచారంలో బస్సు దిగి, ఎండలో గల్లీ అంతా నడిచి వచ్చి గేటు తీసేసరికి కూడా ఆ వాదన తెగలేదు.

"దవాఖానా నుంచి ఒచ్చిన సామాను అత్తమ్మా. ఉచ్చబట్టల్ల కలిసి ఒచ్చింది. గా తాడుతోనే రేపు మళ్ల తాగే నీళ్లు తోడాలె," అంటోంది రత్నకుమారి.

"నీ మొగని నౌకరీ పోయినంక గా నీళ్లే తాగి పండుకుందువు గాని, జర నోరు ముయ్యి," అంది దుర్గమ్మ.

బావి గట్టు మీద ఆమె పెద్దకొడుకు బిక్షపతి కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో చేంతాడు, చూపు రెండో చేతి గడియారం మీద. అయిదు నిమిషాలు నిండగానే తాడు గుంజడం మొదలుపెట్టాడు. గిలక కీచుమంది. తాడు కొసన బొక్కెన లేదు. ఉల్లిగడ్డల వలసంచీ ఒకటి నీళ్లు కారుస్తూ పైకి వచ్చింది. అందులో ఒక రాయి, రాయి పక్కన నల్లటి పట్టీతో కమలకుమారి భర్త చేతికి పెట్టుకునే వస్తువు. ఇంట్లో అందరూ దాన్ని వాచీ అనేవాళ్లు. అది డైవ్ కంప్యూటర్.

ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే కంపెనీ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల షెడ్డు. ఆనకట్టల గేట్లు, వంతెనల దిమ్మలు నీళ్ల అడుగున ఎలా ఉన్నాయో చూసే పని. బిక్షపతి సూపర్‌వైజరు, ఒడ్డున ఉంటాడు. తమ్ముడు పాండురంగ దిగుతాడు. దిగిన ప్రతిసారీ ఎంత లోతుకి వెళ్లాడో, ఎన్ని నిమిషాలు ఉన్నాడో ఆ వాచీ తనలో రాసుకుంటుంది. కానీ దానిలో తొమ్మిది డైవులకే చోటు. పదోది ఎక్కిందంటే మొదటిది రాలిపోతుంది. అందుకని అదే కంపెనీలో టైపింగూ కంప్యూటరూ చూసే కమలకుమారి, మనుషులు సైటు నుంచి రాగానే వాచీలు అడిగి తీసుకునేది. వైరు తగిలించి పెద్ద కంప్యూటర్లోకి ఎక్కించేది. రెండు ఫ్లాపీల మీదికి తీసి ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి ఇంట్లో బిస్కట్ల డబ్బాలో పెట్టేది. "కమలమ్మకు లెక్క జెప్పనిది నీళ్లల్ల నుంచి బయటికి రానియ్యదురా," అని డైవర్లు నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వనీ. నాలుగేళ్లలో ఎవరిదీ ఒక్క డైవ్ పోలేదు.

పాండురంగ ఆఖరి రోజు ఒక్కటే ఇంకా ఎక్కలేదు. ఇరవై రోజుల కిందట ఓ ఆనకట్ట దగ్గర అతను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి దిగాడు. లోతు పనికి రోజుకి రెండుసార్లు, అంతకు మించి దిగకూడదని కంపెనీ రూలు. ఒంట్లో చేరిన గాలి మెల్లగా బయటికి పోవాలి, లేకపోతే నరాల్లో చిక్కుకుంటుంది. గేటు పని ఆరోజే అయిపోవాలని బిక్షపతి సాయంత్రం మూడోసారి దింపాడు. పైకి వచ్చిన పాండురంగ పడవలోకి ఎక్కి కూర్చుని, మళ్లీ లేవలేకపోయాడు. నడుము కింద ఏదీ అతనిది కాకుండా పోయింది. బిక్షపతి కాగితం పుస్తకంలో రెండే డైవులు రాశాడు. రెండోసారి భయపడి, తాడు గుంజి ఆగమన్నా ఆగకుండా దూసుకొచ్చాడని కింద సంతకం పెట్టాడు. వాచీ తడిబట్టలతో పాటు ప్లాస్టిక్ సంచీలో దవాఖానాకీ, అక్కణ్ణుంచి ఇంటికీ వచ్చింది. ఆ ఇరవై రోజులూ కమలకుమారి మంచం పక్క నుంచి కదలలేదు. రేపు సోమవారం, విచారణకి మద్రాసు నుంచి పెద్ద సారు వస్తున్నాడు.

"ఎన్నయినయి?" అంది ఆమె.

"ఆరు," అంది దుర్గమ్మ, ఎన్ని రొట్టెలయ్యాయంటే చెప్పినట్టు. "ఇంక మూడు."

తొమ్మిదిలో ఆరు పోయాయి. లోపల మిగిలిన పాతవి మూడు. ఆ రోజువే, ఆ మూడే.

"గిట్ల చెయ్యమని ఎవలు జెప్పిన్రు బావా?"

బిక్షపతి నవ్వాడు. "నువ్వే గదమ్మా. తొమ్మిది దాటితే పాతది పోతదని అన్నం తినేకాడ గూడ పాఠం జెప్తుంటివి."

"గండ్ల ఆయన ఉన్నడు బావా. ఆయన నిజం ఉన్నది."

"నిజం పట్టుకొని లేసి నడుస్తడా?" అంది దుర్గమ్మ. గొంతు పెంచలేదు. వలసంచీ విప్పి, వాచీని బయటికి తీసి కొంగుతో తుడుస్తూ మాట్లాడింది. "ఆ కాళ్లు ఇగ రావన్నడు డాక్టరు. నేను గూడ ఇన్న. రానిదాని కోసం ఉన్నోని కాళ్లు ఇరగ్గొట్టుమంటవా? పెద్దోనికి ఇద్దరు పిల్లలు సదువుకుంటున్నరు. నీకెవలున్నరు? పిల్లా జెల్లా? ఇద్దరు కొడుకులల్ల ఒక్కడన్న నిలవడాలె నాకు. నేను కన్నతల్లిని, నాకు లేని బాధ నీకొచ్చిందా?"

రత్నకుమారి తల తిప్పుకుంది. ఇంకా చేంతాడు వైపే చూస్తోంది.

"రేపు సారొచ్చి ఏం జూస్తడు?" అని బిక్షపతి తన తెలివికి తనే ముచ్చటపడుతూ చెప్పాడు. "బటన్ నొక్కుతడు. పన్నెండడుగులు, అయిదు నిమిషాలు, గట్ల తొమ్మిది కనవడ్తయి. పోయిన నెల కొత్త పోరగాళ్లకు ఈతకొలనుల ప్రాక్టీసు ఇచ్చినం సార్, గప్పటిది అని నేనంట. పాండు పెట్టుకున్నది వేరే వాచీ, నీళ్లల్లనే పడిపోయిందంట. అయిపాయె."

బటన్ నొక్కుతడు.

కమలకుమారి ఆ మాట దగ్గర ఆగిపోయింది. మందుల సంచీ చేతిలోనే ఉంది.

లోపలి నుంచి పాండురంగ పిలిచాడు. ముందుగదిలో కిటికీ వైపు మంచం వేశారు. అక్కడికి బావి కనపడదు, గిలక వినపడుతుంది.

"ఆరుసార్లు మోగింది," అన్నాడతను. చెంపలు తడిగా ఉన్నాయి. "అన్న తెలివి నాకు ఎరుకే. పో కమలా, గుంజుకరా. మూడోది ఇంక గండ్లనే ఉన్నది. నేను నా అంతట నేను దిగలే. భయపడి రాలే. నా మాటకు గదొక్కటే సాక్షి."

ఆమె మంచం అంచున కూర్చుంది. వెళ్లి గుంజుకోవచ్చు. అడ్డం పడేంత బలం దుర్గమ్మకి లేదు, చెయ్యి వేసేంత ధైర్యం బిక్షపతికి లేదు.

"గుంజుకొస్తే ఏమైతది?" అంది.

"ఏమైతదేంది?"

"మూడు డైవులు కనవడ్తయి. బావ ఏమంటడు? వాచీ ఖరాబైంది, బ్యాటరీ మార్చినకాడికెల్లి తప్పు సూపెడుతుందంటడు. లేకుంటే అవును సార్, పొరపాటైంది, పని తొందరల రాయలే అంటడు. పొరపాటు ఎవలకైనా అయితది. ఒక మెమో ఇస్తరు. ఆర్నెల్లకు మళ్ల ఆనకట్ట మీద కుర్చీ ఏసుకొని గూసుంటడు. ఇంకొకన్ని దింపుతడు."

పాండురంగ ఆమె ముఖం వైపు చూశాడు.

"బటన్ నొక్కితే లోతు, నిమిషాలే కనవడ్తయి," అని ఆమె గొంతు తగ్గించింది. "తారీఖు, టైము ఆ చిన్న అద్దం మీద రావు. అవి పెద్ద కంప్యూటర్‌ల ఎక్కిస్తేనే వస్తయి. బావకు ఎరుక లేదు. నాలుగేండ్లల్ల ఒక్కనాడు ఆ కుర్చీల గూసోలే. గా డబ్బా ముందట ఆడోళ్లే గూసోవాలె అంటుండె గదా. ఇయ్యాల తారీఖు మీద తొమ్మిది డైవులు. పొద్దుగాల నేను బయటికి పోయిన తొమ్మిదిన్నర నుంచి, గంటకు మూడు లెక్క. ఆదివారం. నువ్వు మంచంల ఉన్నవు. వాచీ ఈ ఇంట్ల ఉన్నది. గదానికి పొరపాటని పేరు పెట్టలేడు. నౌకరీ పోతది. పోలీసులకు గూడ ఇస్తరు."

అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మొదట అడిగింది అన్న గురించి కాదు.

"మరి నా డైవ్?"

"పోతది."

"మూడోది?"

"మూడూ పోతయి."

"వద్దు." అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చేతుల్లో ఇంకా బలం ఉంది. "అన్న నౌకరీ పోవుడు నాకొద్దు. నాకు నాది గావాలె. నలుగురు నన్ను పిరికోడంటున్నరు కమలా. షెడ్డుల అంటున్నరు. ఏనాడన్న ఒకడు ఆ కాగితం జూసి, పాండు గిట్ల జేయలే, గాళ్లే దింపిన్రు అనాలె. నాకు గదొక్కటి సాలు."

"నీకు సాలు. నాకు సాలదు."

ఆమె అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. మూత్రం సంచీ మార్చింది. కొత్త సంచీ గొట్టం సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు చూసింది. అతను పిలుస్తూనే ఉన్నాడు. చేతులు కడుక్కుని బావి దగ్గరికి వచ్చింది.

బిక్షపతి వాచీని మళ్లీ వలసంచీలో పెడుతున్నాడు.

"అట్ల కాదు బావా," అంది కమలకుమారి. "తడి మీద ముంచితే అదే డైవ్ కిందికి లెక్కేసుకుంటది. మంచిగ ఆరాలె. ఇటియ్యి."

ముగ్గురూ ఆమెనే చూశారు. ఆమె వాచీ తీసుకుని, వెనక ఇనుప బొడిపెల చుట్టూ కొంగు కొసతో తుడిచి, ఊది, ఎండలో గట్టు మీద బోర్లించింది. పది నిమిషాల పైన ఆగింది. తనే సంచీలో పెట్టి, తనే ముడివేసింది.

"గిప్పుడు ఒచ్చింది బుద్ధి," అంది దుర్గమ్మ.

ఏడు. గిలక మోగినప్పుడు లోపలి నుంచి "కమలా" అని కేక వినిపించింది. ఎనిమిది. ఈసారి "అన్నా" అన్నాడు. బిక్షపతి తాడు పట్టుకున్న చెయ్యి ఒకసారి ఆగి, మళ్లీ ఆడింది. తొమ్మిదోసారి సంచీ నీళ్లలోకి దిగేటప్పుడు ముందుగదిలో చప్పుడు లేదు. ఆ అయిదు నిమిషాలూ ఆమె నీళ్లలోకే చూస్తూ నిలబడింది. రెండు నిలువుల లోతు. మొగుడు ఏ రోజూ లెక్కలోకి తీసుకోని లోతు.

పైకి వచ్చాక ఆమె బటన్ ఒక్కొక్కసారి నొక్కుతూ అన్నీ చూసింది. పన్నెండు అడుగులు, అయిదు నిమిషాలు. పన్నెండు అడుగులు, అయిదు నిమిషాలు. మొదటి నుంచి చివరి దాకా అంతే. పాండురంగ ఎక్కడా లేడు. ఆమె చేతుల మీదుగా పోయిన మొదటి డైవులు అవి. మళ్లీ నొక్కి చూసింది.

రత్నకుమారి చేంతాడు విప్పి, సబ్బు పెట్టి ఉతకడానికి తీసుకుపోయింది.

పొద్దుగూకే వేళకే వంట అయింది. దుర్గమ్మ చాలా రోజులకి కోడిగుడ్ల పులుసు చేయించింది. మామ రాజయ్య రైల్వేలో రిటైరైనప్పటి నుంచి ఇంట్లో ఏది జరిగినా గడప మీద కూర్చుని వీధిని చూసే మనిషి. ఇవ్వాళ కూడా అక్కడే కూర్చుని కంచం ముందుకి జరుపుకున్నాడు. పాండురంగకి కంచం తీసుకెళితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కమలకుమారి ఆ కంచాన్ని అట్లాగే తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది.

"తినలేదా?" అని అడిగింది దుర్గమ్మ.

"తినలే."

"ఆకలైతే వాడే తింటడు."

కమలకుమారి అందరి వెనకా, గోడకి ఆనుకుని నిలబడింది. బిక్షపతి ముద్ద కలుపుతున్నాడు. పిల్లలు గుడ్డు సగం కోసం కొట్లాడుకుంటున్నారు. రత్నకుమారి వాళ్ల వీపుల మీద చెరో దెబ్బ వేసింది. ఆ సందడి తగ్గేదాకా ఆగి, చిన్నకోడలు మాట్లాడింది.

"మామా, అత్తమ్మా, బావా, అందరికీ చెప్తున్న. రేపట్నుంచి నేను డ్యూటీకి పోత. వాచీ నేనే తీస్కపోయి కంప్యూటర్‌ల ఎక్కిస్త. సారుకు ప్రింటు నా చేతులతోనే ఇస్త."

"మస్తు మంచి మాట," అన్నాడు బిక్షపతి నోటినిండా అన్నంతో. "పెండ్లామే తీసిచ్చిందంటే సారు ఇంక సప్పుడు జేయడు."

"అవును బావా," అంది కమలకుమారి. "ఎనిమిదిన్నరకే పోత. ఆయనకు సంచీ మార్చుడు రేపట్నుంచి అత్తమ్మ జూస్కుంటది."