గోడ మీది చెయ్యి

కొత్త ఆటశాల ప్రారంభోత్సవం నాడు వేదిక మీద ఉన్నవారు, ఎడమ నుంచి కుడికి కూర్చున్న వరుసలో: పాఠశాల కమిటీ అధ్యక్షుడు, ప్రధానోపాధ్యాయిని, ముఖ్య అతిథిగా వచ్చిన క్రీడాశాఖ అధికారి, పొగడ్తలకు వీలుగా మెడ ముందే కాస్త వంచి కూర్చున్న మావారు, ఆయన పక్కన ఎనభై ఎనిమిదేళ్ళ మా అత్తగారు. నేను వేదిక మీద లేను. ఎదుట నేల మీద నలభై మంది చిన్నపిల్లలను కూర్చోబెట్టి, వారి రాకెట్లు ఒకదానికొకటి తగలకుండా చూసే పని నాకు అప్పగించారు. ఈ క్రమాన్ని ఇంత ఖచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. పాఠశాల పత్రికలో అచ్చయిన నివేదికలో నేల మీద కూర్చున్న పిల్లల సంఖ్య కూడా ఉంది, నేను లేను.

ఆ పాఠశాలలో నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఇంగ్లిష్ బోధించాను. మావారు అక్కడే ఆటల మాస్టారు. యౌవనంలో బాడ్మింటన్ విజేత. కప్పులు ఇప్పటికీ మా ముందు గదిలో ఉన్నాయి, వాటి దుమ్ము నేను తుడుస్తాను. పొద్దున్నే ఆరు నుంచి ఏడు వరకు చిన్నపిల్లల తరగతి ఆయన పేరున ఉండేది. పెళ్ళయిన రెండో ఏట ఒక ఉదయం దుప్పటిలోంచి, "మణికట్టు పట్టేసిందోయ్, ఈ ఒక్కరోజూ నువ్వు చూసిరా" అన్నారు. నేనూ కళాశాల జట్టులో ఆడినదాన్నే కనుక వెళ్ళాను. ఆ ఒక్కరోజు ఇరవై తొమ్మిదేళ్ళు సాగింది.

పిల్లలకు రాకెట్ పట్టుకోవడం నేర్పడం చూసేవారికి తేలిక. ఏ పిల్లవాడికి రాకెట్ ఇచ్చినా మొదట పెనం పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. జన్మలో వంటగదిలోకి తొంగిచూడని మగపిల్లలు సైతం అదే పట్టు పడతారు. రాకెట్ అంచు నేలను చూసేటట్టు వారి ఎడమచేతిలో ఉంచి, ఎదుటివారికి చెయ్యి కలపమన్నట్టుగా కుడిచేతిని పిడి మీదికి తేవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి అంచు మీద పడాలి. ఆ అంచు గుర్తుండడానికి నేను ప్రతి పిడి మీదా గోళ్ళరంగు చుక్క ఒకటి పెట్టేదాన్ని. "రాకెట్టుకి కూడా సింగారమా?" అని మావారు స్టాఫ్ గదిలో అందరూ వినేలా నవ్వారు. బిగించవద్దనీ, నిద్రపోతున్న పసివాడి మణికట్టు పట్టుకున్నట్టు పట్టుకోమనీ చెబుతాను. ఇంత చెప్పి, మరునాడు మళ్ళీ పెనం దగ్గర నుంచి మొదలు పెట్టాలి. తరువాత ఇంటికి పరుగెత్తి నిజమైన పెనం ముందు నిలబడాలి. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు" అనేవారు అత్తగారు, నేను చెప్పులు విప్పకముందే. ఇంట ఎవరితో పోటీయో ఆవిడ ఏనాడూ చెప్పలేదు.

మేమిద్దరం ఉద్యోగ విరమణ చేశాక ఆ తరగతి ఆగిపోయింది. ఆటశాల కట్టాక దానిని తిరిగి తెరవాలనీ, శిక్షకుని పేరు ప్రారంభోత్సవం నాడే ప్రకటించాలనీ కమిటీ నిశ్చయించింది. నేను దరఖాస్తు పెట్టాను. జీవితంలో నా కోసం నేను అడిగిన ఉద్యోగం అదొక్కటే. ప్రధానోపాధ్యాయిని ఒకప్పుడు నా విద్యార్థిని. కుర్చీలోంచి లేచి నిలబడే మాట్లాడింది. "మేడమ్, కమిటీవాళ్ళు అర్హత పత్రం అడుగుతారండీ. సార్ పేరు పెడితే ఏ గొడవా ఉండదు. వచ్చేది ఎలాగూ మీరేగా." ఇంటికి వచ్చి చెబితే మావారు చదువుతున్న పత్రిక కిందికి దించలేదు. ఈ వయసులో నాకు పేరెందుకన్నారు. తన పేరు నాది కాదా అన్నారు. ఆయన పేరే ప్రకటిస్తే ఇక ఆ ఆటశాలలో అడుగు పెట్టకూడదని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. ప్రారంభోత్సవం నాటి ప్రదర్శన కోసం వారం రోజులు పిల్లలకు పట్టు నేర్పింది మాత్రం నేనే. నలభై ఏళ్ళ అలవాటు నిర్ణయాల కంటే ముందు నిద్రలేస్తుంది.

వేదిక వెనుక గోడ మీద ఆరు పెద్ద ఫోటోలు ఉన్నాయి. వేర్వేరు పట్లు చూపుతున్న ఒక చెయ్యి. కింద 'మా శిక్షకుని చెయ్యి' అని రాసి ఉంది. మేమింకా ఉద్యోగంలో ఉండగా, ఆ ఫోటోలు తీయడానికి ఫోటోగ్రాఫర్ వచ్చిన రోజున మావారు నన్ను పక్కకు పిలిచి, గాజులూ ఉంగరమూ తీసేసి తన పొడుగుచేతుల చొక్కా తొడుక్కోమన్నారు. ఆయన సొంత పట్టు ఆయన ఆటకు సరిపోయేదే కాని, పిల్లలకు చూపదగ్గది కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

అధికారి ఆ ఫోటోలు చూసి ముచ్చటపడి, ఆ చెయ్యి ఎవరిదని అడిగారు. మావారు మైకులోనే, "ఆ రోజుల్లో నాదేనండి" అన్నారు. చప్పట్లు మోగాయి. అధ్యక్షుడు కాగితం విప్పి లేచారు.

"అబద్ధమెందుకురా?" అన్నారు మా అత్తగారు. పెద్దగా అనలేదు కాని మైకు దగ్గరలోనే ఉంది.

"అమ్మా, ఊరుకో. నీకు కళ్ళు సరిగ్గా కనపడవు."

"కళ్ళు పోతే నీ చెయ్యి నాకు తెలియదంట్రా? పదేళ్ళొచ్చేదాకా నీకు నోట్లో ముద్దలు పెట్టింది నేను. ఆ చిటికెనవేలు చూడు, బయటికి ఎలా వంగిందో. అది నా కోడలిది. దాన్ని విరిచింది నేనే."

పెళ్ళయిన నాలుగో ఏట ఒక తెల్లవారుజామున నేను తరగతికి బయలుదేరుతుంటే ఆవిడ వీధితలుపు విసురుగా వేశారు. నా చెయ్యి తలుపు సందున ఉంది. చూడవచ్చినవారందరికీ, ఆటలో విరిగిందనీ, వద్దంటే వినదనీ ఆవిడే చెప్పారు. మావారు ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలన్నారు. నేను కూడా ఆటలోనే విరిగిందన్నాను. ముప్ఫై ఆరేళ్ళు అన్నాను.

అధ్యక్షుడు అతిథి ముఖం చూశారు, చేతిలోని కాగితం చూశారు; కాగితాన్నే నమ్మారు. మావారి పేరే చదివారు. నేను పిల్లల మధ్యనే లేచి నిలబడి, ఇంగ్లిష్ తరగతిలో వాడే గొంతుతో, "రేపు ఆరు గంటలకు ఆయనే వస్తారు. నేను రాను" అన్నాను.

మావారు రెండు ఉదయాలు వెళ్ళారు. మూడో ఉదయం మణికట్టు పట్టేసిందన్నారు. నేను పడుకునే ఉన్నాను. నాలుగో రోజున ప్రధానోపాధ్యాయిని నా పేరున టైపు చేసిన నియామక పత్రంతో మా గుమ్మంలో నిలబడింది. నేను నిదానంగా రెండుసార్లు చదివి సంతకం చేశాను.

ఆ సాయంత్రం అత్తగారిని, ఎందుకు చెప్పారని అడిగాను. "నిన్ను మెచ్చుకుని కాదులే. నేను విరిచిన వేలిని కూడా వాడు తనదంటే ఎలా ఊరుకుంటాను?" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. క్షమాపణ ఆవిడ అడగలేదు. నేను క్షమించలేదు, క్షమించను కూడా. అయినా పాఠశాల నివేదికలో లేని ఒక వాక్యం ఎక్కడో ఒకచోట ఉండాలి కనుక ఇక్కడ రాస్తున్నాను: నిండు సభలో, కన్నకొడుకు పక్కన కూర్చుని, తన నేరాన్నే సాక్ష్యంగా పెట్టి, నా చేతిని నాది అని చెప్పిన ఏకైక వ్యక్తి మా అత్తగారు. ఆవిడ చేసిన ఆ పనిని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.