ఒలవని కమలాపండు

వ్యూపాయింట్ చూసి నేను తిరిగొచ్చేసరికి బెంచీ మీద అత్తయ్య లేరు. ఆవిడ చేతికర్ర మాత్రం ఆనించినచోటే ఉంది.

పొదల వైపు నుంచి మా ఆయన పరుగున వచ్చాడు. చొక్కా మొత్తం చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"అమ్మేది?" అన్నాడు. అడిగింది నన్ను.

"మీ దగ్గరే కదా వదిలి వెళ్ళాను."

"ఫోనొస్తే రెండు నిమిషాలు పక్కకెళ్ళాను. అయినా అమ్మని వదిలేసి నీకు ఆ పైన ఏం పనుందని?"

ఒక్క క్షణం నిజంగానే తప్పు నాదే అనిపించింది. నాకున్న జబ్బే అది. ఇంట్లో పాలు పొంగినా, గీజరు కాలిపోయినా, ఆయన చెప్పులు కనబడకపోయినా ముందు నా గుండే దడదడలాడుతుంది. కానీ ఈ బాటకి రావడానికి కారణమే వేరు. ఆసుపత్రిలో నన్ను హెడ్‌నర్సుని చేస్తామన్నారు. దానికి మూడు నెలలు వేరే ఊళ్ళో ట్రైనింగ్. సోమవారం చేరాలి. ఆడపడుచు ముందు ఈయన ఛాతీ విరుచుకుని, "నా కన్నతల్లిని మూడు నెలలు నేను చూసుకోలేనా? దీనికి అన్నీ అనుమానాలే" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోగానే మాట మారింది. "రాత్రి అమ్మ లేస్తే ఎవరు లేస్తారు? మాత్రలు ఎవరిస్తారు? నీకు పదవి కావాలి, ఇల్లు ఏమైపోయినా ఫర్వాలేదు." అందుకే నేనే అన్నాను, ఆదివారం కొండ మీది పార్కుకి వెళ్దామని. అక్కడ పిల్లల బళ్ళు కూడా నెట్టుకుంటూ పోయేంత తేలికైన బాట ఒకటుంది. సగం దూరంలో బెంచీ. అక్కణ్ణుంచి పైకి నేను ఒక్కదాన్నీ వెళ్ళొస్తాను, అంతసేపూ మతిమరుపున్న అత్తయ్యని ఆయన చూసుకోవాలి. అదీ పరీక్ష.

మా వార్డులో డ్యూటీ మారేటప్పుడు రోగిని నోటితో అప్పజెబుతాం. వెళ్ళే నర్సు చెప్పిన మాట వచ్చే నర్సు తిరిగి అనాలి. అనకపోతే అప్పజెప్పినట్టు కాదు. ఇంట్లోనూ అదే అలవాటు చేశాను. "అత్తయ్య మీ దగ్గర" అన్నాను. "నా దగ్గరే తల్లీ, నర్సమ్మగారూ" అని ఆయన దణ్ణం కూడా పెట్టాడు. అత్తయ్య చేతిలో కమలాపండు పెట్టి బయల్దేరాను. వెనక్కి తిరిగి చూడమని మెడ లాగేసింది. బజారుకి వెళ్ళినా, మేడ మీద బట్టలారేసినా లాగుతుంది. పళ్ళు బిగించి మలుపు దాకా ముందుకే చూస్తూ నడిచాను. పైన ఎంతో సేపు లేను కానీ, ఊపిరి పూర్తిగా పీల్చుకుని ఎన్నేళ్ళయిందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఆ ఊపిరంతా పెట్టి "అత్తయ్యా" అని అరిచాను.

మా కేకలు విని పార్కు గార్డు వచ్చింది. నడివయసు మనిషి, నడుముకి వాకీటాకీ. "చివరిసారి ఎవరు చూశారు? ఎంతసేపయింది? సరిగ్గా చెప్పండి. దాన్నిబట్టే ఎంత దూరం వెతకాలో తెలుస్తుంది."

"ఫోనొస్తే పక్కకెళ్ళాను, రెండే నిమిషాలు. ఇక్కడే ఎక్కడో ఉంటుంది. ఈవిడే బాధ్యత లేకుండా..." అని మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

గార్డు చుట్టుపక్కల పొదలు వెతకబోతుంటే, బెంచీ కింద నారింజరంగు కనబడింది. వంగి తీశాను. నేనిచ్చిన పండే. ఒక్క తొక్క ఊడలేదు.

అత్తయ్య మతిమరుపులో నా పేరైనా మర్చిపోతారు గానీ కమలాపండుని మర్చిపోరు. చేతిలో పెట్టిన వెంటనే గోరు దిగాల్సిందే. అంటే నేను వెళ్ళగానే లేచిపోయారు. రెండు నిమిషాల మాట కాదిది.

"దగ్గర్లో కాదు, దూరం వెతకాలి" అన్నాను గార్డుతో. "ఇక్కడ నీళ్ళ చప్పుడు ఎటునుంచి వస్తోంది?"

"కింద వాగు, మీరు దాటొచ్చిన వంతెన దగ్గర. ఎందుకు?"

"నీళ్ళ చప్పుడు వినబడితే ఎవరో కుళాయి కట్టలేదని లేచి వెళ్తారావిడ."

గార్డు ముందు, నేను వెనక. రాళ్ళ మీద జారుతూ, కొమ్మలు పట్టుకుంటూ అడ్డదారిన దిగాం. వాగు మీది చిన్న చెక్కవంతెన పక్కన, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, రెండు చేతులతో ఒక బండని తిప్పడానికి చూస్తున్నారు అత్తయ్య. ఇంకో అడుగు పక్కకి వేస్తే మడుగు.

"ఎంత తిప్పినా కట్టుకోవట్లేదే అమ్మాయ్" అన్నారు, నన్ను చూసి. "ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నారా ఏం?"

"నేను కడతాను, మీరు రండి" అని నడుము చుట్టూ చెయ్యి వేసి వంతెన మీదకి చేర్చాను. నా చున్నీతో పాదాలు తుడిచాను. వణికిపోతున్నారు. కమలాపండు ఇస్తే వెంటనే గోరు దించారు.

అప్పుడు దిగొచ్చాడు మా ఆయన. ఆవిణ్ణి చూశాక మొహంలోకి రక్తం వచ్చింది, రక్తంతోపాటు గొంతూ వచ్చింది. "చూశావా? నువ్వు కాసేపు లేకపోతేనే ఇలా ఉంది. ఇంకా మూడు నెలలు పోతానంటావా?"

గార్డు వాకీటాకీ పట్టుకుని ఆగింది. "సార్, ఆఫీసుకి చెప్పాలి. మీకు ఫోనొచ్చిందన్నారు. ఈ బాటలో ఎక్కడా సిగ్నల్ ఉండదు. మాకు ఇది ఇచ్చింది అందుకే. మరి మీకు ఫోనెలా వచ్చింది?"

ఆయన జేబు తడుముకున్నాడు. ఫోన్ తియ్యలేదు.

"సోమవారం నేను వెళ్తున్నాను" అన్నాను. నా గొంతు వార్డులోలాగే ఉంది. "మీరు మాత్రం గార్డు అడిగినదానికి జవాబు చెప్పండి."

ఆయన వంతెన కమ్మీ పట్టుకుని, నావైపు చూడకుండా చెప్పాడు.

"ఫోన్ రాలేదు. నువ్వు బయల్దేరగానే నేను లేచి చెట్టు చాటుకెళ్ళాను. అమ్మ ఒక్కతే కూర్చుని కనబడితే పరిగెత్తుకొస్తావు, ఇక ట్రైనింగ్ మాటెత్తవు అనుకున్నా. ఎక్కడికెళ్ళినా వెనక్కి చూస్తావు కదా. ఇవాళ చూస్తావేమోనని మలుపు దాకా నిన్నే చూస్తూ నిలబడ్డాను. నువ్వు చూడలేదు. నేను ఇటు తిరిగేసరికి అమ్మ లేదు."