ఇసుక మీద కొత్త సైకిలు

తబిత వెనక టైరును బొటనవేలితో నొక్కి చూసి, కొంచెం గాలి తీసింది. బిర్రుగా ఉన్న టైరు ఇసుకలో దిగబడిపోతుంది. కాస్త మెత్తబడితే పరుచుకుని నడుస్తుంది. నిరుటి మోడల్‌తో పడ్డ అవస్థలో ఆమె నేర్చుకున్న సంగతి అది. ముందు టైరు దగ్గర కూర్చోబోతుండగా ఫోను మోగింది.

గోదావరి మధ్య లంకలోంచి నాగవల్లి. గొంతు కేన్సరుతో మంచం పట్టిన బుల్లియ్య కోడలు.

"సిస్టరుగారండీ, రాత్రి మందుసీసా దొర్లిపోయిందండి. చుక్క కూడా మిగల్లేదు. మావయ్య ఒకటే మెలికలు తిరిగిపోతన్నాడండి."

ఆ మందు మార్ఫిన్. బుల్లియ్య నొప్పిని అణచగలిగేది అదొక్కటే. ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టమనీ, తాను వచ్చేదాకా తడిగుడ్డతో పెదాలు తడుపుతూ ఉండమనీ చెప్పి, తబిత ముందు టైరు సంగతి వదిలేసి సైకిలెక్కింది.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. భీమవరం వైపు రొయ్యల షెడ్డులో ఏళ్ళ తరబడి మంచునీళ్ళలో పొట్టు ఒలిచినందువల్ల వేళ్ళ కొసలు ఇప్పటికీ పాలిపోయి ఉంటాయి. ఆ తర్వాత చర్చిలో ఒకావిడ చెబితే శిక్షణ పొంది, రావులపాలెం దగ్గర ఒక ధర్మసంస్థ నడిపే కేంద్రంలో చేరింది. ఇక నయం కాదని ఆసుపత్రులు ఇంటికి పంపేసిన వాళ్ళ దగ్గరికి వెళ్ళి పుళ్ళు కడగడం, గొట్టాలు మార్చడం, నొప్పికి మందివ్వడం ఆమె పని. వీధిలో కొందరు నర్సమ్మ అంటారు, కొందరు మందులావిడ అంటారు. ఆ పని ఏమిటో అడిగి తెలుసుకున్నవాళ్ళు తక్కువ. భర్త చినబాబు అరటి మార్కెట్లో గెలలు లారీల్లోకి ఎత్తుతాడు. పడుకునే ముందు ఇద్దరూ ఒకే నూనె రాసుకుంటారు, అతను భుజాలకు, ఆమె మోకాళ్ళకు.

ఆ మోకాళ్ళ కోసమే ఈ సైకిలు వచ్చింది. కొండల్లో తొక్కేందుకు చేసిన కరెంటు సైకిలు. కొండంటూ లేని ఈ నేల మీద దానికి పరీక్ష పెట్టింది ఇసుక. తయారుచేసే కంపెనీ నిరుడు తెచ్చి ఇచ్చిన పాత మోడల్‌కు మోటారు వెనక చక్రంలో ఉండేది. ఇసుకలో వేడెక్కి ఆగిపోయేది. ఒకరోజు అచ్చాయమ్మ అనే ముసలావిడకు మందు పట్టుకెళ్తూ తబిత దాన్ని నడి ఇసుకలో తోసుకుంటూ వెళ్ళింది. చేరేసరికి అచ్చాయమ్మ పోయింది. నొప్పికి బిగుసుకున్న ఆ పిడికిళ్ళు విప్పడానికి తబితకు చాలాసేపు పట్టింది.

ఇప్పుడు కంపెనీ దాన్ని మార్చి మళ్ళీ తెచ్చింది. మోటారును పెడళ్ళ మధ్యకు మార్చారు. టైర్లు వెడల్పు చేశారు. పెద్ద బ్యాటరీని సైకిలు గొట్టం లోపలే బిగించేశారు. వారం తొక్కి చూడమన్నారు. ఆ వారం ఇవాల్టితో ఆఖరు, లంకకు పట్టుకెళ్ళడం మాత్రం ఇవాళే మొదలు. పనికొస్తుందో లేదో సాయంత్రానికల్లా చెప్పాలని కేంద్రం వ్యవహారాలు చూసే మంజుష అడిగింది. పనికొస్తే కొంటారు. పనికిరాకపోతే లంకలకు వెళ్ళడం మానేసి, రోగులనే ఒడ్డుకు తెచ్చుకోమని ఇంటివాళ్ళకు చెబుతారు. తబితను కేంద్రంలోనే ఉంచి, కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తే పని ఇస్తారు. ఆ కుర్చీ సంగతి విన్నప్పుడు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది ఆమెకు. ఆ మాట చినబాబుకు కూడా చెప్పలేదు.

కేంద్రంలో డాక్టరు చేత మందు రాయించి, సీసా సంచిలో పెట్టుకుని బయల్దేరేసరికి ఎండ ముదిరింది. కాలవగట్టు మీద సైకిలు చప్పుడు లేకుండా పరిగెత్తింది. కాలు ఎంత గట్టిగా తొక్కితే మోటారు అంత సాయం పడుతోంది, తొక్కడం ఆపగానే తానూ ఆగుతోంది. నిరుటిది అలా కాదు, కాలు తీసినా ఒక్క ఊపు ముందుకు లాగి గుండె జారిపోయేలా చేసేది. మోకాలు కలుక్కుమనలేదు. దారిలో నాగవల్లి మళ్ళీ ఫోను చేసింది. తబిత ఎత్తలేదు. ఎత్తితే ఆ మూలుగు వినాలి, విన్నంత మాత్రాన దూరం తగ్గదు.

రేవులో త్రిమూర్తులు పడవ సిద్ధంగానే ఉంది. వేసవి కావడంతో గోదావరి సన్నబడి, ఇటు ఒడ్డునే పాయగా పారుతోంది. అవతల లంకదాకా ఇసుకే. త్రిమూర్తులు సైకిలు ముందు భాగం పట్టుకుని ఎత్తబోయి, దించేశాడు.

"ఇది సైకిలేంటమ్మా, గేదెపెయ్యలా ఉంది. ఆ బ్యాటరీ ఊడదియ్యి, ముందు అది ఎక్కిద్దాం."

"ఇది ఊడదండి. లోపలే బిగించేశారు."

"అయితే ఇక్కడే వదిలేసి నడిచిపో. నా పడవ తిరగబడుద్ది."

ఆ మాటలో అబద్ధం లేదు. నిరుటి సైకిలును బ్యాటరీ తీసేసి ఇద్దరూ తేలిగ్గా ఎక్కించేవారు. తబిత ఇసుక వైపు చూసింది. కాళ్ళతో నడిస్తే, అందులోనూ ఆ మోకాళ్ళతో నడిస్తే, పొద్దు నడినెత్తికి వస్తుంది. బుల్లియ్య సంగతి చెప్పింది. బుల్లియ్యా త్రిమూర్తులూ ఒకప్పుడు ఒకే వల లాగినవాళ్ళు. అతను తువ్వాలు నడుముకు బిగించి మళ్ళీ వంగాడు.

ముందు చక్రం పడవ అంచు దాటింది. వెనక భాగం తబిత ఎత్తాలి. ఎత్తింది. పడవ ఆమె వైపు ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి. మోకాలు చెక్కకు కొట్టుకుని కళ్ళ ముందు పసుపుపచ్చగా మెరిసింది. ఒక చేత్తో మెడలోని సంచిని పట్టుకుని, రెండో భుజంతో సీటు కింద తోసింది. సైకిలు ఎలాగో లోపల పడింది. పాయ దాటుతున్నంతసేపూ ఆమె దాన్ని రెండు చేతులా వాటేసుకుని, పడవలోకి వచ్చిన నీళ్ళలో గొంతుక్కూర్చుంది. అది ఒక్క జాన అటు జరిగినా సైకిలుతో సహా ఇద్దరూ ఏట్లోనే. త్రిమూర్తులు పెదాలు బిగించి గడ వేస్తున్నాడు.

అవతల ఇసుక మీద సైకిలు మళ్ళీ తన సత్తా చూపించింది. వెనక చక్రం జారలేదు, మోటారు వేడెక్కలేదు. కానీ ఇసుక మెత్తబడ్డ చోట, గాలి తీయని ముందు టైరు నాగలిలా దిగింది. తబిత హ్యాండిలు మీదుగా పడింది. సంచి మాత్రం పొట్టకు అదుముకునే పడింది. సీసా పగల్లేదు. లేచి చూస్తే, హ్యాండిలు మీద వెలిగే చిన్న తెర ఆరిపోయి ఉంది.

మీట నొక్కింది. వెలగలేదు. అచ్చాయమ్మ పిడికిళ్ళు గుర్తొచ్చాయి. ఇంత బరువు సైకిలును తోయడం తన వల్ల కాదు. ఇక్కడే పారేసి పరిగెత్తాలా? రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, తెర మీది ఇసుకను పమిటతో తుడిచి, మీటను ఈసారి వేలు నొప్పెట్టేదాకా నొక్కి పట్టుకుంది. తెర వెలిగింది. ముందు టైరులో గాలి తీసి, నోట్లోని ఇసుక ఉమ్మేసి, మళ్ళీ ఎక్కింది.

బుల్లియ్య మూలుగు వీధిలోకే వినిపిస్తోంది. తబిత సైకిలును గుమ్మం ముందు ఎండలోనే నిలబెట్టి లోపలికి వెళ్ళింది. ఆయన మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఒకప్పుడు పెద్ద వలలు లాగిన ఆ చేతుల మీద ఇప్పుడు నరాలు తాళ్ళలా తేలాయి. ఆమె చేతులు కడుక్కుని, డాక్టరుకు ఫోను చేసి ఎంత ఇవ్వాలో మరోసారి అడిగి, కొలిచి, ముక్కులోని గొట్టం ద్వారా మందు దింపింది. ఆ వెనకే కాసిని నీళ్ళు. తర్వాత ఆయన అరచేయి తన అరచేతిలో పెట్టుకుని మంచం పక్కన కింద కూర్చుంది. ఇక చెయ్యగలిగింది లేదు. మందు పనిచేసేదాకా కాచుకోవడమే.

నాగవల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె భర్త భీమవరం చెరువుల దగ్గర పనిలో ఉన్నాడు, కబురు చేశారు. రాత్రి సీసా తన మోచెయ్యి తగిలే దొర్లిందని ఆమె మెల్లగా చెప్పింది. తబిత ఆమెను కూడా పక్కన కూర్చోమని సైగ చేసింది.

మూలుగు పలచబడింది. పట్టె మీది వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. చాలాసేపటికి బుల్లియ్య కళ్ళు తెరిచి, గాలి జీరలా మాట్లాడాడు.

"నువ్వొచ్చినట్టే తెలీలేదమ్మా. బండి సప్పుడు రాలేదేంటి?"

"దానికి చప్పుడుండదు బాబాయ్."

"ఎక్కడెట్టావు?"

"గుమ్మం ముందే."

"ఇసకలో లాగుద్దా?"

"లాగింది. నన్నొకసారి పడేసింది కూడా."

ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. నవ్వే అయ్యుండాలి. తబిత గొట్టం, గిన్నె కడిగి తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. పంపు దగ్గర మొదటిసారి మోకాలు చూసుకుంది. వాచింది. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఊపిరి తీరు మారింది. ఒకటి తీసుకుని, ఆగి, ఇంకొకటి. ఇక ఎన్నో రోజులు లేవని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఇవాళే అని తబితకు అర్థమైంది. నాగవల్లిని పిలిచి, మావయ్యతో ఏమన్నా చెప్పుకోవాలంటే చెప్పుకోమంది, చెవులు వింటూనే ఉంటాయని చెప్పింది. నాగవల్లి వంగి ఆయన చెవిలో చాలాసేపు మాట్లాడింది. పొద్దు వాలకముందే, ఒక ఊపిరికీ ఇంకొక ఊపిరికీ మధ్య, బుల్లియ్య వెళ్ళిపోయాడు. చేతులు రెండూ తెరిచే ఉన్నాయి.

ఇరుగుపొరుగు వచ్చారు. తబిత గొట్టం తీసేసి, ముఖం తుడిచి, గడ్డం కింద గుడ్డ కట్టింది. చేతులు కడుక్కుంటుంటే మంజుష ఫోను. తబిత జరిగింది చెప్పింది. ఇప్పుడు అడగకూడదనీ, పొద్దున్నే కంపెనీ మనిషి వస్తాడనీ మంజుష నసిగింది. తబిత వాచిన మోకాలి మీద చెయ్యి వేసుకుని నిలబడింది. పనికిరాదని ఒక్క మాట చాలు, కేంద్రంలో ఆ కుర్చీ తనదే. అందులో సగం నిజమే కూడా.

"బండి మంచిదేనండి," అంది. "ఇసకలో మోసం చెయ్యదు. పడవెక్కించడం మాత్రం నావల్ల కాదు, ఇంకెవరి వల్లా కాదండి. ఇవాళ మునిగిపోయేవాళ్ళం. కొంటే లంకలోనే ఉంచేయండి. ఈ పాయ నేను వట్టి చేతుల్తో దాటి వస్తాను."

లంకలో దాన్ని ఎవరు చూస్తారని, ఛార్జింగు ఎక్కడ పెడతారని మంజుష అడిగింది. గుమ్మంలో కూర్చున్న నాగవల్లి తలెత్తింది.

"మా పంచలో ఉంచండక్కా. ప్లగ్గుంది. ఫోను చేస్తే పాయ దాకా నేనే తొక్కుకొస్తాను."

అంతవరకూ సిస్టరుగారండీ అన్న మనిషి. తబిత ఆ మాటే ఫోనులో చెప్పింది. సరే, కంపెనీ మనిషికి బండి తిరిగి ఇవ్వడం లేదని చెబుతానని మంజుష అంది.

చీకటి పడేలోపు పాయ దాటాలి. సైకిలును పంచలోకి చేర్చుదామని తబిత బయటికి వచ్చి, ఆగింది. సీటు మీద ఒక తువ్వాలు పరిచి ఉంది.

"నువ్వు పెరట్లో ఉన్నప్పుడు మావయ్య తడిపి ఎయ్యమన్నాడక్కా," అంది వెనకనుంచి నాగవల్లి. "ఎండకి సీటు కాలుద్ది, ఆ అమ్మాయి ఎలా కూచుంటాది అన్నాడు. ఆయన మాట్లాడింది అదే ఆఖరు."

ఇద్దరూ కలిసి సైకిలును పంచలోకి ఎత్తి గోడకు ఆనించారు. తబిత సంచి మెడలో వేసుకుని, కుంటుకుంటూ ఇసుకలోకి దిగింది. పంచలో సైకిలు సీటు మీద, ఎండకు ఎప్పుడో ఆరిపోయి బిరుసెక్కిన ఎర్రగళ్ళ తువ్వాలు అలాగే ఉంది.